బాతులు తిరిగిన చేలో వరి దుబ్బు ఎందుకు గట్టిపడుతుంది

మీరడిగింది ఇదీ. కొత్తపేట దగ్గర ఎకరంన్నర చేను ఉంది. వచ్చే సార్వాలో, అంటే వానాకాలం వరిలో, ఊడ్చాక (నాట్లు వేశాక) బాతుపిల్లల్ని వదులుదామనుకుంటున్నారు. మీ నాన్నగారూ, పక్క చేల వాళ్ళూ "బాతులు దిగితే పిలకలు తొక్కేస్తాయి, చేను చేతికి రాదు" అంటున్నారు. బాతుల వల్ల వరి ఎదుగుదల నిజంగా మారుతుందా, లేక వాటి పెంట ఎరువుగా పడటం ఒక్కటే లాభమా అన్నది మీ ప్రశ్న.

మాది పెనుగొండ వైపు. ఇప్పటికి ఏడు సార్వాలు, రెండు దాళ్వాలు (రెండో పంటలు) బాతులతో చేశాను. నేను చూసినంతలో పెంట వల్ల వచ్చే లాభం మూడో వంతు కూడా ఉండదండి. అసలు పని దుబ్బు మొదట్లో జరుగుతుంది. అది చెప్పే ముందు మీ నాన్నగారి మాట గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఆయన భయం ఉత్తిది కాదు.

కోతలయ్యాక మన గోదావరి డెల్టా చేలల్లోకి బాతుల మందలు వస్తాయి కదా. వందల బాతులు, వెనకాల ఇద్దరు మనుషులు, చేతిలో పొడుగాటి కర్రలు. రాలిన గింజలు ఏరుకుని, నత్తల్ని తిని, రాత్రికి గట్టు మీద వల చుట్టిన దొడ్లో పడుకుంటాయి. చేను గలాయనకి కాసిని గుడ్లో, కొంత డబ్బో ఇచ్చి మంద ఇంకో ఊరికి సాగిపోతుంది. ఆ మంద పొరపాటున పచ్చని చేలో పడితే నిజంగానే తొక్కేస్తుంది. చేను ఈని ఉంటే కంకులు దూసేస్తుంది. ఆయన కళ్ళతో చూసింది అదే. మనం మాట్లాడుకునేది రెండు మూడు వారాల పిల్లల గురించి, అదీ ఎకరానికి ఇన్ని అని లెక్క కట్టి, కంకి రాకముందే బయటికి తీసేసే పిల్లల గురించి. రెండింటికీ బాతు అన్న పేరొక్కటే కలిసింది.

ఈ పద్ధతిని ఈ రోజుల్లో నలుగురికీ తెలిసేలా చేసింది జపాన్‌లో తకావో ఫురునో అనే రైతు. 1988లో మొదలుపెట్టారు. ఆయనది ఫుకుఒకా జిల్లా. ప్రకృతి సేద్యం చెప్పిన మసనోబు ఫుకుఒకా గారు వేరు, ఇక్కడ అది జిల్లా పేరు. చైనాలో వరి చేలల్లో బాతుల్ని తిప్పడం అంతకంటే చాలా పాతది. ఫురునో లెక్క సుమారుగా 10 ఆర్లకి (వెయ్యి చదరపు మీటర్లకి) 20 పిల్లలు, అంటే మన ఎకరానికి 80 దాకా. మొదటిసారి చేసేవాళ్ళకి నేను 60 చాలంటాను. కారణం తర్వాత చెబుతాను.

తెల్లవారి ఆరింటికి గట్టు మీద కూర్చుని ఒక్క పిల్లని పదినిమిషాలు చూడండి. రెండు కుదుళ్ళ మధ్య దూరుతుంది. ముక్కు బురదలో ముంచి చకచకా జల్లెడ పట్టినట్టు ఆడిస్తుంది. తల పైకెత్తి, దుబ్బు మొదట్లో ఆకుతొడిమల మీద ఏదో ఉంటే టక్కున లాక్కుంటుంది. కాళ్ళు వెనక్కి తన్నుకుంటూ ముందుకి పోతుంటే వెనకాల నీళ్ళు పాలేసిన టీ రంగుకి తిరుగుతాయి. దాని ఒళ్ళు తగిలి దుబ్బు ఊగుతుంది. ఇలా రోజంతా, చేనంతా, రెండు నెలలు. కూలీలతో ఇంత అంతరకృషి చేయించగలిగే రైతు మన జిల్లాల్లో లేడు.

ముందు వేళ్ళ సంగతి చూద్దాం. నీళ్ళు నిలిచిన చేలో మన్నుకి గాలి అందదు. వరి తన కాడలో ఉన్న గాలి గొట్టాల గుండా ఆకుల నుంచి వేళ్ళకి గాలి పంపుకుంటుంది కాబట్టి బతుకుతుంది. కానీ మన ఒండ్రు నేలల్లో, కోత మిషను వదిలేసిన మోళ్ళన్నీ దమ్ములో (ఊడ్చే ముందు నీళ్ళు పెట్టి బురద చేసేటప్పుడు) తొక్కేశాక, అవి కుళ్ళుతూ మన్నులో ఉన్న కాస్త గాలినీ లాగేస్తాయి. చేలో అడుగేస్తే బుడగలొస్తాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఆ వాయువు నిలిచిన చోట వేరు నల్లబడి పని మానేస్తుంది. ఊడ్చిన మూడు వారాలకీ పచ్చబడక, పసుపు తిరిగి నిలబడిపోయిన చేలు మీరు చూసే ఉంటారు. రైతు కంగారుపడి యూరియా వేస్తాడు, దాన్ని తీసుకోవడానికి వేరు బాగుండాలిగా. బాతులు పైపొర బురదని కదుపుతుంటే ఆ వాయువు బయటికి పోతుంది, పైనీళ్ళలో ఉన్న గాలి బురదలో కలుస్తుంది. మొదటి ఏడాదే నేను 40వ రోజున బాతుల చేలోంచి ఒక కుదురూ, గట్టవతల మా తమ్ముడి చేలోంచి ఒక కుదురూ పీకి బోదెలో (చేనుకి నీళ్ళొచ్చే పిల్లకాలవలో) కడిగి పక్కపక్కన పెట్టాను. మాది వేరు మొదట్లో తుప్పు ఎరుపు, కొసలకి తెలుపు. కొత్త వేళ్ళు గుబురుగా ఉన్నాయి. వాడిది సగం నలుపు. రకం ఒకటే, స్వర్ణ. ఊడ్చింది కూడా ఒకే రోజు. ఆ ఎరుపు చూసి కంగారు పడకండి, వేరు వదిలిన గాలికి మన్నులోని ఇనుము తుప్పు పట్టి పూతలా అంటుకుంటుంది. వేరు బతికుందనడానికి అదే గుర్తు.

ఇక్కడే యూరియా సంగతి కూడా చెప్పాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఊడ్చాక తేట నీళ్ళ మీద నాచు తెట్టు కడుతుంది. మధ్యాహ్నం ఎండకి ఆ నాచు నీట్లోని బొగ్గుపులుసు వాయువుని తినేస్తుంటే నీటి క్షారగుణం పెరుగుతుంది. క్షారం పెరిగిన నీళ్ళలో యూరియా నుంచి వచ్చిన నత్రజని అమ్మోనియాగా మారి గాల్లో కలిసిపోతుంది. మనం డబ్బు పెట్టి కొన్నదాంట్లో కొంత ఇలా పోతుందన్నమాట. బాతులు తిరిగే చేలో నీళ్ళెప్పుడూ బురదగా ఉంటాయి. నాచుకి వెలుతురు అందక అది పెరగదు, పెరిగిందాన్ని అవే చింపేస్తాయి. వేసిన ఎరువు ఎక్కువగా చేనుకే దక్కుతుంది. కలుపు విత్తనం మొలకెత్తకపోవడానికీ ఈ బురద నీరే సగం కారణం. మిగతా సగం వాటి ముక్కు చూసుకుంటుంది.

ఇప్పుడు కాడ సంగతి. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే అనుకుంటాను. మొక్కని రోజూ కదుపుతూ, తాకుతూ ఉంటే అది పొడుగు తగ్గించుకుని లావెక్కుతుంది. ఇది వరికే కాదు, చాలా మొక్కలకి ఉన్న గుణం. 1973లో జాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీని మీద పని చేసి, తాకిడికి మొక్క ఆకారం మారే ఈ గుణానికి ఒక పేరు కూడా పెట్టాడు. గాలి బాగా తగిలే గట్టు మీది చెట్టు పొట్టిగా, మొద్దుగా ఎలా ఉంటుందో అలాగే. బాతుపిల్ల తగిలిన ప్రతిసారీ దుబ్బు అదురుతుంది. అడుగు కణుపులు సాగకుండా పొట్టిగా ఉండిపోతాయి, కాడ గోడ మందమవుతుంది. చేను కొంచెం గిడసగా కనిపిస్తుంది. మా ఇంట్లో వాళ్ళు మొదటి ఏడాది "చేను ఎదగలేదు, బాతులు కాట్లాడేశాయి" అని దిగులు పడ్డారు. కోతకి ముందు కాడ కోసి చూపిస్తే గానీ నమ్మలేదు. బొటనవేలితో నొక్కితే తమ్ముడి చేలో కాడ అణిగిపోయింది, మాది అణగలేదు.

మన సార్వాకి ఇది ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. చేను గింజ పట్టి బరువెక్కేది అక్టోబరు నవంబరుల్లో, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. పడిపోయిన చేను నీళ్ళలో నాని మొలకొస్తుంది, మిషను కోతకి రాదు, కూలీలు ఎంతంటే అంత ఇవ్వాలి. బాతులు తిరిగిన చేను తుపానుకి పడదని నేననను, గట్టి తుపానుకి ఏదైనా పడుతుంది. నేను బాతులతో చేస్తుండగా వచ్చిన రెండు తుపాన్లకీ నా చేను వాలింది, పూర్తిగా పరుచుకోలేదు. మిషను కోసుకుంది.

పిలకల మాటకొస్తే, బాతుల వల్ల పిలకలు కొంచెం పెరుగుతాయి గానీ అద్భుతాలు జరగవు. దుబ్బుకి రెండో మూడో ఎక్కువ కనిపిస్తాయి. అంతకంటే నాకు నచ్చింది వేరే ఉంది. పిలకలు వేసే దశ చివర్లో వచ్చే సన్నటి పిలకలు ఎలాగూ కంకి వేయవు, ఉన్న బలాన్ని తినేస్తాయి. వాటిలో చాలా వాటిని బాతులు నలిపేస్తాయి. కింద ఎండిన ఆకుల్ని కూడా పీకేస్తాయి. దుబ్బు మొదట్లోకి గాలీ వెలుతురూ వెళ్తాయి. పాముపొడ తెగులు మన డెల్టాకి శాపం కదా. దాని గింజల్లాంటి శిలీంధ్రపు ముద్దలు నీటి మీద తేలి దుబ్బుకి అంటుకునే చోటనే తెగులు మొదలవుతుంది. ఆ చోటు గాలాడుతూ ఉంటే దాని ఉధృతి తగ్గుతుంది. వరి రసం పీల్చే సుడిదోమ కూడా అక్కడే, నీటి మట్టానికి జానెడు పైన గుంపు కడుతుంది. పిల్ల ముక్కుకి అందే ఎత్తు సరిగ్గా అంతే. తొమ్మిది పంటల్లో దోమకి నేను మందు కొట్టింది ఒక్కసారి, అదీ బాతుల్ని తీసేశాక వచ్చిన దోమకి.

కాండం తొలిచే పురుగు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అది కాడ లోపలుంటుంది, దాని గుడ్లు ఆకు కొసన ఉంటాయి. రెండూ బాతుకి అందవు. మొవ్వు చచ్చిపోవడం, తెల్లకంకి మాకూ వచ్చాయి. సాలీళ్ళనీ, తోకకప్పల్నీ కూడా బాతులు తింటాయి, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. కలుపులో వెడల్పాకు మొక్కలు, లేత తుంగ ఉండవు. ఊద గడ్డి మాత్రం రెండాకులు దాటిందంటే వరిలాగే గరుకెక్కుతుంది, బాతు ముట్టదు. ఒకసారి మనిషి దిగి పీకాలి. వరి ఆకుని తినకపోవడానికి కారణం కూడా ఆ గరుకే. ఆకు అంచుని వేలితో కింది వైపుకి లాగి చూడండి, రంపంలా కోస్తుంది. ఆ గరుకుతనం ఇసకలో ఉండే సిలికాది.

ఇక పెంట. ఇది ఎరువే, కాదనను. కానీ కొలత తెలియని ఎరువు. మూడో ఏడాది ఎకరానికి 120 పిల్లల్ని వదిలాను. అవి రాత్రి పడుకునే పాక ఈశాన్యం మూల గట్టు మీద ఉండేది. పొద్దున్న లేవగానే, సాయంత్రం గూటికి చేరేముందు అక్కడే గుమిగూడేవి. ఆ మూల మూడు సెంట్ల మేర చేను నల్లటి పచ్చగా, ఆకులు వేలాడుతూ, చూడటానికి ఏపుగా ఉండేది. ఊళ్ళో వాళ్ళు ఆ మూలనే మెచ్చుకునేవారు. అక్టోబరులో వచ్చిన మొదటి వానకే అది చాప పరిచినట్టు పడిపోయింది. దోమ కూడా అక్కడే మొదలైంది. 60 చాలని ముందు చెప్పడానికి కారణం ఇదే. పాకని పదిహేను రోజులకోసారి గట్టు మీద జరుపుతూ ఉండండి. ఆఖరి దుక్కిలో మామూలుగా వేసేది వేసుకోండి. పైపాటు యూరియాని మాత్రం ఆకు రంగు పట్టికతో చూసుకుంటూ వేయండి. నాకైతే రెండో దఫా సగంతో సరిపోతుంది, కొన్నేళ్ళు అదీ వేయలేదు.

నష్టం జరిగేది ముఖ్యంగా అదను తప్పినప్పుడు. ఊడ్చిన వెంటనే వదిలితే మీ నాన్నగారు చెప్పిందే జరుగుతుంది, కుదుళ్ళు తేలిపోతాయి. ఊడ్చాక 10 నుంచి 12 రోజులు ఆగి, మొక్క కొస పట్టుకుని మెల్లగా లాగి చూడండి. రాకుండా పట్టుకుందంటే వదలొచ్చు. ఊడ్చే నారు ముదురుగా, 25 రోజులది అయితే ఇంకా మంచిది. తీసేయాల్సింది చిరుపొట్ట (కాడ లోపల కంకి తయారయ్యే దశ) దాటి మొదటి కంకి తొంగిచూసే లోపు. స్వర్ణ 150 రోజుల పంట కాబట్టి ఊడ్చిన 75 రోజుల దాకా ఉంచొచ్చు. దాళ్వాలో 1010, 1121 లాంటి 120 రోజుల రకాలైతే 55, 60 రోజులకే తీసేయాలి. పాలు పోసుకునే గింజ రుచి ఒక్కసారి తెలిసిందా, ఇక ఆపలేం. వెదజల్లిన చేలల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. విత్తనం తినేస్తాయి, తర్వాత తిరగడానికి సందు ఉండదు. ఊడ్చే చేలో అయినా ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట వదలమని మన వ్యవసాయ శాఖ వాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నది దోమ కోసం. బాతులకి అవే రోడ్లు.

నీరు మన దగ్గర పెద్ద చిక్కు. బాతు ఈదుతూనే కాలు బురదకి తగలాలి, అంటే నాలుగు వేళ్ళ లోతు, పిల్లలు పెరిగాక జానెడు లోపు. ఎక్కువైతే అవి పడవల్లా పైన తేలి పోతాయి, బురద కదలదు, పైన చెప్పిన లాభాలేవీ రావు. సార్వాలో ఆగస్టు వానలకి మురుగు కాలవ ఎదురు తన్ని చేలు మునిగే ఊళ్ళు మీ వైపు ఉన్నాయి. మీ చేనుకి మురుగు లాగే దారి సరిగ్గా లేకపోతే ముందు అది చూసుకోండి. దాళ్వాలో దీనికి తిరగబడిన కష్టం. కాలవ నీళ్ళు వంతుల మీద వస్తాయి, ఆరిన చేలో బాతులు నిలవవు. అందుకే నేను దాళ్వాకి రెండుసార్లతో ఆపేశాను. సార్వాలోనూ పిలకల దశ చివర చేను ఆరబెట్టాలనుకుంటే, ఒక మూల చిన్న గుంట తవ్వి నీళ్ళు ఉంచి, ఆ నాలుగు రోజులు వాటిని అక్కడే మేపండి.

చుట్టూ వల తప్పదు. భీమవరం వైపు చేపల చెరువుల వాళ్ళు తీసేసిన పాత వలలు చవగ్గా దొరుకుతాయి. రెండడుగుల ఎత్తు, కింది అంచు మట్టిలో కప్పి. కుక్క, ముంగిస, నక్క కింద నుంచి వస్తాయి. కాకులు మొదటి వారం పిల్లల్ని ఎత్తుకుపోతాయి, పైన తీగలు లాగండి.

వలకి ఆగనిది మాత్రం పక్క చేల మందు. నాలుగో ఏడాది మా పైచేలో గుళికలు చల్లారు. చల్లినాయన మంచివాడే, మా చేలో బాతులున్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి వాన పడి పైచేను నీళ్ళు గండి కొట్టుకుని మా మడిలోకి దిగాయి. పొద్దున్న వెళ్ళేసరికి గండి చుట్టూ ఇరవై మూడు పిల్లలు మెడలు వాల్చి తేలుతున్నాయి. ఇంకో పది గట్టెక్కి వణుకుతున్నాయి, మధ్యాహ్నానికి అవీ పోయాయి. ఇప్పటికీ ఆ గట్టు మీద నడుస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది. గుళికల్లో కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు అయితే, పిట్ట చావడానికి నాలుగు గింజలంత చాలు. కాబట్టి ఊడ్పులకి ముందే చుట్టూ ఉన్న నలుగురి ఇళ్ళకీ వెళ్ళి, బాతులు దించుతున్నామని, గుళికలు వేసే రోజు ముందు చెప్పమని అడగండి. నీళ్ళు ఎవరి చేలోంచీ కాకుండా నేరుగా బోదె నుంచి మీ మడికి వచ్చేలా తూము పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

కోళ్ళ విషయంలోనూ జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో మన రెండు గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. బాతు ఆ వైరస్‌ని పైకి జబ్బు కనపడకుండానే మోయగలదు. దగ్గర్లో కోళ్ళ ఫారం ఉంటే ఈ ఆలోచన వద్దు. ఇంటి కోళ్ళతో కలపొద్దు, చావులు కనిపిస్తే ఆ రోజే పశువుల ఆసుపత్రికి చెప్పండి. బాతుల ప్లేగుకి టీకా వేయించండి. బూజు పట్టిన తౌడు, చెక్క అస్సలు పెట్టొద్దు, ఆ బూజు విషానికి బాతు తట్టుకోలేదు.

దిగుబడి ఎంత పెరిగిందని అడుగుతారు. నా చేలో మంచి ఏడాది ఎకరానికి రెండు మూడు బస్తాలు ఎక్కువ, కొన్నేళ్ళు తమ్ముడితో సమానం. కలుపు కూలీ, కలుపు మందు, దోమ మందు, కొంత యూరియా మిగిలాయి. దాణా, వల, కాపలా ఖర్చులు వచ్చాయి. పిల్లల్ని తీసేశాక గుడ్లకి ఉంచుకుంటే ఖాకీ కాంప్‌బెల్ అయిదో నెల నుంచి గుడ్డు పెడుతుంది. మొత్తం మీద నాకు మిగిలింది, కానీ ఇంట్లో ఒక మనిషి పొద్దునా సాయంత్రం చేనుకి వెళ్ళగలిగితేనే.

ఈసారి అరెకరమే చేయండి, మిగతా ఎకరం మామూలుగా ఉంచండి. బాతుల మడిలో కూడా ఒక సెంటు చుట్టూ వల కట్టి బాతులు రాకుండా ఆపండి. 40వ రోజున రెండు చోట్లా కుదుళ్ళు పీకి వేళ్ళు కడిగి మీ నాన్నగారికే చూపించండి. తేదీల లెక్క ఇలా వేసుకోండి: జులై 20న ఊడిస్తే ఆగస్టు 1న పిల్లలు దిగాలి. అప్పటికి వాటికి 18, 20 రోజులుండాలి కాబట్టి జులై 12కి గుడ్డులోంచి రావాలి. బాతు గుడ్డు పొదగడానికి 28 రోజులు. అంటే జూన్ 14కల్లా గుడ్లు పొదుగుకి పడాలి, పిల్లలు అమ్మేవాళ్ళకి మీరు మే నెలలోనే చెప్పి ఉంచాలి. వచ్చిన పిల్లల్ని వారం దాటాక రోజూ కాసేపు పళ్ళెంలో లోతు తక్కువ నీళ్ళకి అలవాటు చేయండి. పెట్టతో తిరగని పిల్లలకి ఈకల మీద నూనె పూత ఇంకా ఉండదు, ఒకేసారి చేలో దించితే తడిసి చలికి ముడుచుకుపోతాయి. అరెకరానికి 30 దింపాలి కాబట్టి 35 తెప్పించుకోండి.